పరగడుపున

ఆ ఏడాది వేసవి మొదట్లో ఒకరోజు పొద్దున ఆరు గంటల షిఫ్టుకి వెళ్ళినవాళ్ళం జూట్ మిల్లు గేటు బయటే ఆగిపోయాం. గేటుకి తాళం వేసి, పక్కన గోడకి నోటీసు అంటించారు. ముడి జనపనార దొరకడం లేదట, అందుకని మిల్లు మూస్తున్నారట. గోదాముల్లో కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయని మాకందరికీ తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా లోపల మగ్గం నడిపినవాణ్ణి, నా కళ్ళతో చూసినవే.

చుట్టూ జనం అరుస్తున్నారు. కొందరు గేటు పట్టుకుని ఊపుతున్నారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నేను ఆలోచించింది మిల్లు గురించి కాదు. ఇంట్లో క్యాప్సూల్ వేసుకుని అప్పటికి అరగంట దాటింది. నాలుగు మరమరాలైనా కడుపులో పడకపోతే ఛాతీలో మంట మొదలవుతుంది. జనంలోంచి పక్కకి తప్పుకుని, డబ్బా మూత తీసి, గోడవైపు తిరిగి తిన్నాను.

నా పేరు నిరాపద కుండూ. అప్పటికే పద్నాలుగేళ్ళుగా నాకు ఆ జబ్బు. తిన్నది కడుపులో నిలవదు, పైకి తన్నుతుంది. గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నుతాయి. వంగితే మంట, పడుకుంటే మంట. గంగ ఒడ్డున మా మిల్లు ఊళ్ళో గ్యాస్ లేని మనిషి ఉండడు. ఇద్దరు ఎదురుపడితే ముందు కడుపు సంగతులు, ఆ తర్వాతే పిల్లల సంగతులు. కానీ నాది అందరి గ్యాస్ కాదు. గొట్టం వేసి చూశారు. అన్నవాహిక అడుగున ఉండే మూత వదులైపోయిందనీ, లోపల పుళ్ళు పడ్డాయనీ చెప్పారు. రోజూ పరగడుపున ఒక క్యాప్సూల్ వేసుకోవాలి. ఎన్నాళ్ళు వేసుకోవాలని మా ఊరి డాక్టర్ సమద్దార్‌ని అడిగితే, "అన్నం ఎన్నాళ్ళు తింటావు?" అన్నాడు.

మా ఇల్లంతా నా కడుపు చుట్టూ తిరిగేది. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు. కూరలో కారం ఉండదు, ఆవముద్ద ఉండదు. రోజూ ఉడికించిన బొప్పాయి కాయ, పల్చటి చేపల నీళ్ళ కూర, నెలకి నాలుగుసార్లు సరస్వతి ఆకు రసం. సాయంత్రం ఏడు కొట్టేసరికి నా పళ్ళెం ముందు నేనుండాలి. ఇదంతా నా భార్య పూరబి చూసుకునేది. ఎప్పుడైనా పెళ్ళిభోజనానికి వెళితే నా విస్తట్లో ఏది పడాలో ఏది పడకూడదో వడ్డించేవాళ్ళకి ఆవిడే చెప్పేది. మిల్లులో నన్ను గ్యాస్ నిరాపద అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

నెల గడిచినా గేటు తెరవలేదు. యాజమాన్యం తరఫున మాట్లాడేవాడే రాలేదు. అప్పుడు యూనియన్ నాయకుడు పశుపతి ఘోషాల్ మా కార్మికుల ఇళ్ళ లైన్ల వెనక క్లబ్బు గదిలో సమావేశం పెట్టాడు. గేటు ఎదురుగా నిరాహారదీక్ష. ఐదు విభాగాల నుంచి ఐదుగురు కూర్చోవాలి. తెరిచేదాకా లేవకూడదు. నేత విభాగం నుంచి కూర్చోవాల్సిన బైజ్‌నాథ్‌కి పచ్చకామెర్లు వచ్చాయి. అతని బదులు ఎవరని పశుపతి అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

"మా నిరాపద దాదా ఉన్నాడుగా!" అని వెనక నుంచి కార్తిక్ హల్దార్ అరిచాడు. వాడు నా పక్క మగ్గం వాడు. మా వైపు దాదా అంటే అన్న.

గదంతా నవ్వింది.

"ఒరే, టీ పది నిమిషాలు ఆలస్యమైతే ఛాతీ రుద్దుకునే మనిషిరా!"

"పేరే నిరాపద. ఆపద ఈ వీధిలోకి వస్తే ఆయన పక్క వీధిలోకి మారిపోతాడు."

పశుపతి కూడా నవ్వాడు. నవ్వాపుకుని మళ్ళీ అందరి మొహాలూ చూశాడు. నేను ఆ నవ్వు పద్నాలుగేళ్ళుగా వింటున్నాను. ఆ రోజు ఎందుకో తట్టుకోలేకపోయాను.

"రాసుకో పశుపతి దాదా. నిరాపద కుండూ, నేత."

నవ్వు ఆగిపోయింది. కార్తిక్ మొహం చిన్నబుచ్చుకుని, "దాదా, ఏదో సరదాకన్నాను," అన్నాడు.

"నేను సరదాకి అనలేదు," అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి పూరబి కత్తిపీట ముందు కూర్చుని బొప్పాయి కాయ తరుగుతోంది. మా అమ్మాయి మోహర్ కాలేజీ పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"ఎవరి పేరు రాశారు?" అంది పూరబి.

"నాది."

తరగడం ఆపింది. "నీదా?"

"ఎవరూ ముందుకు రాలేదు."

"అందుకని నువ్వు వచ్చావా? మోహర్ నాన్నా, నువ్వు చివరిసారి పూట ఉపవాసం ఉన్నదెప్పుడో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. మూడేళ్ళ కిందట సరస్వతి పూజ. పూలు సమర్పించేదాకా ఆగలేక పందిరి వెనక బిస్కెట్లు తిన్నావు."

మోహర్ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అందరూ నవ్వారు పూరబీ," అన్నాను. "నా పేరు వినగానే పశుపతి దాదా కూడా."

ఆవిడ మిగిలిన కాయ తరిగేసి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని బయటికి వెళ్ళింది. గంట తర్వాత డాక్టర్ సమద్దార్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది.

"క్యాప్సూల్ ఒక్కపూట కూడా మానకూడదట. నీళ్ళు తాగుతూ ఉండాలట. రోజూ పొద్దున ఆయనే వచ్చి చూస్తాడట. నీకు పిచ్చెక్కిందని చెప్పమన్నాడు."

దీక్ష మొదలైంది. గేటుకి ఎదురుగా రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, కింద పరుపులు వేసి, మా మెడల్లో బంతిపూల దండలు వేశారు. మొదటి రోజు ఆకలికి కళ్ళు తిరిగాయి. రెండోరోజు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే. మూడోరోజుకి కడుపు అడగడం మానేసింది. నేనే ఆశ్చర్యపోయాను. రోజూ పొద్దున ఎనిమిదింటికి పూరబి వచ్చి, ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చి, చేతిలో క్యాప్సూల్ పెట్టేది. దాంతో మంట అదుపులోనే ఉండేది. కార్తిక్ రోజుకి నాలుగుసార్లు వచ్చి కాళ్ళు పట్టేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

నాలుగోరోజు ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. నేను తల వెనక్కి వంచి నోట్లో ఏదో వేసుకోవడం అందులో కనిపిస్తుంది. కింద రాశారు, దీక్షాపరుల ఫలహారం అని. గేటు లోపల కుర్చీలు వేసుకుని కూర్చునే యాజమాన్యం మనుషులు ఆ రోజంతా మమ్మల్ని చూసి కేకలు వేస్తూనే ఉన్నారు.

"ఏం నిరాపద బాబూ, ఇవాళ ఏ రుచి? గ్లూకోజా, రసగుల్లానా?"

"క్యాప్సూల్లో మటన్ కూడా పడుతుందటగా!"

టీకొట్ల దగ్గర మనవాళ్ళే ఆ మాట అనడం మొదలుపెట్టారు. సాయంత్రం పశుపతి వచ్చి నా పరుపు అంచున కూర్చున్నాడు. మనిషి ముక్కుసూటిగా మాట్లాడేవాడు, ఆ పూట మాత్రం తల దించుకుని మాట్లాడాడు.

"అది మందని నాకు తెలుసు నిరాపదా. నిన్ను మానెయ్యమని నేనననుగానీ, కమిటీలో కొందరు..."

"మానేస్తాలే."

"డాక్టరు ఏమంటాడో?"

"నాలుగు రోజులు మానితే చచ్చిపోతానా?"

అతను నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. వద్దని మాత్రం అనలేదు.

మర్నాడు పూరబి క్యాప్సూల్ ఇస్తే నేను తీసుకోలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎందుకు?"

చెప్పాను.

ఆవిడ పశుపతి దగ్గరికి వెళ్ళింది. "దాదా, ఇది మందు. మందు మీద కూడా చేతులెత్తించి తీర్మానం చేశారా?"

"బౌది, నా ఇబ్బంది అర్థం చేసుకో," అన్నాడు పశుపతి. నాకంటే పెద్దవాడైనా పూరబిని బౌది అని, వదినని పిలిచినట్టే పిలుస్తాడు. "వాళ్ళకి ఒక్క సాకు దొరికితే చాలు, దీక్షంతా దొంగదీక్ష అంటారు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఒక్కసారిగా మానితే రెట్టింపై తిరగబడుతుంది. నాకు తెలుసు."

డాక్టరు చెప్పి ఉంటాడనుకున్నాను. తల అడ్డంగా ఊపాను. ఆవిడ క్యాప్సూల్‌ని కొంగు చివర ముడి వేసుకుని వెళ్ళిపోయింది. డాక్టర్ సమద్దార్ వచ్చి తిట్టాల్సినవన్నీ తిట్టి, కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు, నా ఇష్టం మీదే మానానని.

ఆ రోజు బాగానే గడిచింది. మందు మానిన రెండోరోజు మధ్యాహ్నం నుంచి మొదలైంది. పద్నాలుగేళ్ళలో నేనెరిగిన మంట కాదది. రొమ్ము ఎముక వెనక కాలుతున్న ఇసుక పోసినట్టు ఉంది. ఉమ్మి మింగితే కన్నీళ్ళు వచ్చేవి. పడుకోలేను, కూర్చోలేను. మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని దాని మీద గడ్డం ఆన్చి ఎండలో మెరుస్తున్న గేటు చువ్వలు లెక్కపెట్టాను. నలభై రెండు. మళ్ళీ మొదటి నుంచి. మూడోరోజు పదకొండు గంటలప్పుడు వాంతి చేసుకున్నాను. కడుపులో ఏమీ లేదుగా, నీళ్ళే వస్తాయనుకున్నాను. మరిగి అడుగంటిన టీ పిప్పిలా నల్లగా వచ్చింది. కార్తిక్ పెద్దగా కేక పెట్టడం విన్నాను. ఆ తర్వాత అంబులెన్సు తలుపు మూసిన చప్పుడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఒక చేతికి సెలైన్, పక్కన స్టూలు మీద మోహర్. లోపలి పుళ్ళు చిట్లి రక్తం కారిందనీ, సూది మందు ఇస్తున్నారనీ, ప్రాణభయం లేదనీ చెప్పింది.

"అమ్మ ఏది?"

"అమ్మ నీ చోట కూర్చుంది నాన్నా."

నాకు అర్థం కాలేదు. "ఎక్కడ?"

"దీక్షలో. నిన్ను అంబులెన్సు ఎక్కిస్తుంటే గేటు లోపలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక వికెట్ పడిందని అరిచారు. అమ్మ అంబులెన్సు దాకా వచ్చింది, నన్ను ఎక్కమంది, తను ఎక్కలేదు. వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచి, నీ పరుపు మీద కూర్చుంది."

"పశుపతి ఏమీ అనలేదా?"

"వద్దన్నాడు. ఆడవాళ్ళని కూర్చోబెట్టాలని కమిటీ అనుకోలేదు బౌది అన్నాడు. అయితే ఇప్పుడనుకోండి అంది అమ్మ."

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఒకసారి మోహర్, ఒకసారి కార్తిక్ వచ్చి కబుర్లు చెప్పేవాళ్ళు. పూరబి కూర్చున్న రెండోరోజుకి లైన్లలోని ఆడవాళ్ళు పనులు ముగించుకుని వచ్చి టార్పాలిన్ కింద కూర్చోవడం మొదలుపెట్టారట. మూడోరోజుకి చోటు చాలక రెండో టార్పాలిన్ కట్టారట. అక్కడే కూరలు తరుగుతున్నారట, పిల్లలకి తలలు దువ్వుతున్నారట. "దాదా, వాళ్ళ నోళ్ళకి భయపడి గేటు లోపలివాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు," అన్నాడు కార్తిక్.

ఆసుపత్రి నుంచి నన్ను పంపించిన మర్నాడు పొద్దున్నే టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి శిబిరానికి వెళ్ళాను. పూరబి చిన్నదైపోయినట్టు కనిపించింది. తెల్ల చీర, మెడలో వాడిన దండ. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి, "పొద్దున వేసుకున్నావా?" అంది ముందుగా.

"వేసుకున్నా."

"తిన్నావా?"

"జావ తాగాను. మోహర్ కాచింది."

"సరే, ఎండ తగలకుండా ఇటు కూర్చో."

ఎనిమిదైంది. ఆడవాళ్ళంతా మాటలాపి ఆవిడ వైపు తిరిగారు. ఇది రోజూ జరిగే పనేనని అర్థమైంది. పూరబి కొంగు ముడి విప్పి క్యాప్సూల్ తీసింది. రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి గేటు వైపు చూపించింది. లోపల ఫోను పట్టుకుని ఒక్కడు మాత్రం నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, తీస్తున్నావా? దగ్గరికి రా, సరిగ్గా పడదు," అంది గట్టిగా. "ఇది నా మందు. చూసుకో." నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, నోరు తెరిచి నాలుక చాపింది. "మింగేశాను. ఇదే అన్నమైతే మీ అయ్యగారికి చెప్పి రేపటి నుంచి మీ ఇంట్లోనూ పూటకొకటి వడ్డించమను. బియ్యం ఖర్చు మిగులుతుంది!"

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. వాడు కూడా నవ్వు ఆపుకోలేక ఫోను జేబులో పెట్టుకున్నాడు. దొంగదీక్ష అన్న మాట ఊళ్ళో ఎవరూ అనడం లేదని అప్పటికే కార్తిక్ చెప్పాడు. మేం కమిటీ పెట్టుకుని, తల దించుకుని, రక్తం కక్కుకుని చేయలేని పనిని ఆవిడ నోరు తెరిచి చూపించి చేసేసింది.

నేను ఆవిడ వైపు వంగి, "నా పరువు నిలబెట్టడానికి ఎంత బాగా నటించావు!" అన్నాను.

అప్పుడే డాక్టర్ సమద్దార్ రక్తపోటు చూసే మిషను తీసుకుని వచ్చాడు. నా మాట ఆయన చెవిన పడింది.

"నటనేంటి? ఆవిడకి అవసరమయ్యే ఇచ్చాను." ఆవిడ జబ్బకి పట్టీ చుడుతూ అన్నాడు. "కూర్చున్న మొదటిరోజే అడిగాను, పాత జబ్బులేమైనా ఉన్నాయా అని. ఎనిమిదేళ్ళ నుంచి మంటట. నీలాగే. నీకు తెలీదా?"

పట్టీలో గాలి ఎక్కిన చప్పుడు, దిగిన చప్పుడు.

"ఎనిమిదేళ్ళా?" అన్నాను.

"మోహర్ ఆరో క్లాసులో ఉన్నప్పట్నించి," అంది పూరబి. విసనకర్ర తీసుకుని విసురుకోవడం మొదలుపెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒక ఇంట్లో ఇద్దరికీ గ్యాసంటే ఇంక వంటెవరు చేస్తారు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వబోయాను. వాళ్ళలో ఒకావిడ, కామెర్లొచ్చిన బైజ్‌నాథ్ తమ్ముడి భార్య, నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది చూశాక నాకు నవ్వు రాలేదు.

మంట మరీ భరించలేనప్పుడు మందుల షాపు బిషు దగ్గర విడిగా రెండేసి క్యాప్సూల్స్ కొనుక్కునేదట. రెండు వేసుకుని మానేసేదట, మానగానే రెట్టింపై తిరగబడేదట. మిగిలిన రోజుల్లో వంటసోడా నీళ్ళల్లో కలుపుకుని తాగేదట. నా మందుల డబ్బాలోంచి ఎప్పుడూ తీసుకోలేదు. "నీకు తక్కువ పడితే?" అంది. ఇవన్నీ ఆ రోజు విసనకర్ర విసురుకుంటూనే చెప్పింది, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు. కాసేపయ్యాక ఆవిడ చేతిలోంచి విసనకర్ర నేను తీసుకున్నాను. మధ్యాహ్నం దాకా విసిరాను. చెయ్యి నొప్పి పుట్టిందని మాత్రం చెప్పను.

ఆవిడ కూర్చున్న తొమ్మిదోరోజు లేబర్ ఆఫీసులో చర్చలు జరిగాయి. సాయంత్రానికి పశుపతి కాగితం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. సోమవారం నుంచి గేటు తెరుస్తారు. మూడు షిఫ్టులు కాదు, రెండే. అందరికీ పని ఉండదు, ముందు పాతవాళ్ళకి. అనుకున్నదంతా రాలేదు గానీ తాళం తీస్తారు. బాణసంచా కాల్చారు, డప్పులు మోగించారు. ఫోటోలవాళ్ళ ముందు దీక్ష విరమించడానికి పశుపతి ఐదు గ్లాసుల నిమ్మరసం తెచ్చాడు. నలుగురు మగాళ్ళూ తాగారు. పూరబి గ్లాసు వాసన చూసి పక్కకి నెట్టింది.

"నిమ్మరసమా? తొమ్మిది రోజులు బతికించి ఇప్పుడు చంపుతావా దాదా?"

మోహర్ పరిగెత్తి కొబ్బరిబోండం తెచ్చింది. మర్నాటి పేపర్లో నలుగురి చేతుల్లో గ్లాసులు, ఆవిడ చేతిలో బోండం.

ఆవిడ నిలదొక్కుకున్నాక జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పొద్దున్నే పడవలో గంగ దాటి వెళ్ళాం. గొట్టం వేసి చూశారు. ఆవిడకీ పుళ్ళున్నాయి, పొట్టలో ఒకటి పెద్దదే. అక్కడి డాక్టరు చిన్నపిల్లలా ఉంది, మోహర్ కంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. పూరబికి ఇంకా మత్తు దిగలేదు, బల్ల మీద పడుకుని ఉంది. డాక్టరమ్మ కాగితం తీసుకుని నా వైపు తిరిగింది.

"ఏం తింటే మంట ఎక్కువవుతుంది?"

నేను ఆలోచించాను.

"భోజనం ఎన్నింటికి చేస్తారు?"

"నేనా? ఏడింటికి."

"మీరు కాదు. ఆవిడ."

"మా తర్వాత."

"మీ తర్వాతంటే ఎప్పుడు?"

నాకు తెలియదు.

"బరువు తగ్గారా? ఎంత కాలంలో? దగ్గు వస్తుందా? తలకింద ఎత్తు పెట్టుకుంటారా?"

ఇటుకలున్నది నా మంచం కోళ్ళ కిందే. ఆవిడ పడుకునేది కింద చాప మీద. డాక్టరమ్మ కలం పట్టుకుని ఎదురుచూసింది. తర్వాత కాగితం మీద ఖాళీలు అలాగే వదిలేసి, "మెలకువ వచ్చాక ఆవిడనే అడుగుతాను," అంది. కోపంగా కూడా అనలేదు. రోజూ నాలాంటివాళ్ళని చూస్తూనే ఉంటుంది కాబోలు.

పూరబిని రెండు నెలలు రోజూ క్యాప్సూల్ వేసుకుని మళ్ళీ రమ్మంది. బహుశా నాలాగే ఏళ్ళ తరబడి వేసుకోవాల్సి వస్తుందట. ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవాలట. ఇద్దరికీ రాసిచ్చింది.

తిరుగు పడవలో చెక్క బల్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం, పడవలో పట్టుమని పదిమంది లేరు.

"ఏం తింటే ఎక్కువవుతుంది నీకు?" అన్నాను.

"అదేంటి, డాక్టరమ్మ అడిగింది కదా, చెప్పాను కదా."

"నాకు చెప్పలేదు."

నన్నోసారి వింతగా చూసింది. "పొద్దుటి అన్నం మిగిలితే నీళ్ళు పోసుకుని పచ్చిమిరపకాయ నంజుకుంటాను. దానికి ఎక్కువవుతుంది."

"ఎన్నింటికి తింటావు?"

"మధ్యాహ్నం మూడు. ఒక్కోసారి నాలుగు."

"ఎందుకంతసేపు?"

"నీ రాత్రి కూర దించేదాకా పొయ్యి ముందు నుంచి కదలడం కుదరదు." నవ్వింది. "ఇంకేం అడుగుతావు? అడుగు, రేవు వచ్చేదాకా చెప్తాను."

దగ్గు వస్తుందని చెప్పింది. నాలుగు కేజీలు తగ్గిందని చెప్పింది. నేను అన్నీ అడిగాను. చివరికి అడగడానికి ఏమీ లేక, "నీకేం తినాలని ఉంటుంది?" అన్నాను.

నీళ్ళ వైపు చూసింది. అవతలి ఒడ్డున మిల్లు పొగగొట్టం కనిపించాక, గొంతు తగ్గించి, "శుట్కి," అంది.

వాళ్ళ తాత ముత్తాతలు సరిహద్దు అవతల నుంచి, సముద్రం దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు. ఎండు చేపని వెల్లుల్లి, ఉల్లి, దోసిలి నిండా ఎండు మిరపకాయలు వేసి ముద్దగా వేయించుకుంటారు. ఆ ఎండు చేపనీ, ఆ కూరనీ కూడా శుట్కి అనే అంటారు. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో ఒక్కసారి వండింది. ఆ వాసనకి మా అమ్మ వీధి తలుపు బార్లా తెరిచి మెట్ల మీద కూర్చుంది. తర్వాత అమ్మ పోయింది, నాకు జబ్బు వచ్చింది. ఆ వంటకి ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

మిల్లు తెరిచాక నాకు పొద్దుటి షిఫ్టు పడింది. రెండింటికల్లా ఇంట్లో ఉంటాను. సాయంత్రం వంట నేనే చేస్తున్నాను. మొదటి నెలంతా మోహర్ మొహం మాడ్చుకునే తింది. ఏడింటికి ముగ్గురం కలిసే కూర్చుంటున్నాం. మొదట్లో పూరబి మాటిమాటికీ లేచేది, ఉప్పుకో నీళ్ళకో. ఇప్పుడు లేవడం లేదు. మంచం తలవైపు ఇటుకలు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తవి అక్కర్లేదు, ఆవిడే చాప మీద నుంచి పైకి మారింది.

రెండు నెలల పరీక్షలో ఆవిడ పుళ్ళు సగం మానాయని తెలిసింది. డాక్టరమ్మని అడిగితే నెలకోసారి, పగటిపూట, మిరపకాయ ఒక్కటి, అంతకు మించి వద్దని అనుమతి ఇచ్చింది. ఆ ఆదివారం బజారుకి వెళ్ళి శుట్కి కొన్నాను. అమ్మేవాడు మూడు కాగితాలు చుట్టి ఇచ్చినా టోటోలో పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. పూరబిని వంటింట్లోకి రానివ్వలేదు. కార్తిక్ భార్య గుమ్మంలో నిలబడి చెబుతుంటే వేడినీళ్ళలో నానబెట్టాను, ముళ్ళు తీశాను, వెల్లుల్లి రెండు గడ్డలు ఒలిచాను. మిరపకాయ ఒకటే వేశాను. మోహర్ కిటికీలన్నీ తెరిచి ఎదురింటికి పారిపోయింది.

పన్నెండింటికి పళ్ళెంలో వేడన్నం వేసి, పక్కన శుట్కి పెట్టి ఆవిడ ముందుంచాను. నాకు అది పడదు, నేను నా బొప్పాయి కూర వేసుకున్నాను. ఆవిడ ముందు వేళ్ళు వాసన చూసుకుంది. చిన్న ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. నేను తినడం ఆపి చూస్తున్నాను.

"ఇది శుట్కి కాదు," అంది. "ఆసుపత్రి కూర."

"మిరపకాయ ఒకటేగా వెయ్యమంది."

"ఉప్పు కూడా ఒక రాయే వెయ్యమందా?"

ఆవిడ రెండో ముద్ద తింది, మూడోది తింది. కాసేపటికి పళ్ళెం ఖాళీ అయింది. మునివేళ్ళతో పళ్ళెం అడుగు తుడిచి నాకి, నా వైపు జరిపింది.

"ఇంకొంచెం వెయ్యి," అంది.